కుంచెలు కడిగే మామ

రేణిగుంట స్టేషన్లో బండి మారడానికి దిగాను. ప్లాట్‌ఫారం మీద ఒక ముసలాయన నా ముఖంలోకి తేరిపార చూసి, "రాణెమ్మవి గదా నువ్వు?" అన్నాడు. ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో. ఒకప్పుడు మా నాటకాల కంపెనీలో మద్దెల వాయించినవాడు. వాళ్ళెక్కడున్నారు, వీళ్ళెక్కడున్నారు అని చెప్పుకుంటూ ఉండగానే అతని బండి కూత పెట్టింది. మెట్టెక్కుతూ వెనక్కి తిరిగి, "మన మామ పోయినాడమ్మా, తెలుసునా? పోయిన చలికాలంలో," అన్నాడు. అంతే, బండి కదిలిపోయింది.

ఏ మామ అని నేను అడగాల్సిన పనిలేదు. కంపెనీలో అందరికీ మామ ఒక్కడే. యజమాని కూడా ఆయన్ను మామా అనే పిలిచేవాడు. అసలు పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. నా బండి వచ్చాక కిటికీ దగ్గర కూర్చుంటే ముందు గుర్తొచ్చింది ఆయన ముఖం కాదు, చేతులు. కుంకుడు రసంలో నాని నాని తెల్లబడి, కొసలు ముడతలు పడ్డ వేళ్ళు.

నేను ఆ కంపెనీలో చేరింది యుద్ధం రోజుల్లో. మద్రాసు మీద బాంబులు పడతాయన్న భయంతో జనం చిత్తూరుకూ, పుత్తూరుకూ, నగరికీ వచ్చి తలదాచుకుంటున్న కాలం. సాయంత్రమైతే వాళ్ళకు పొద్దుపోదు. మా యజమాని ఊరూరా తడికెలతో కొట్టాయి కట్టించి, ఒక్కో ఊళ్ళో కొన్నాళ్ళపాటు నాటకాలు ఆడించేవాడు. మా ఆయన హార్మోనియం వాయించేవాడు. నేను రాణి వేషం కట్టేదాన్ని. అప్పటికి నా కూతురు పాలు తాగే పసిగుడ్డు. దాన్ని చూసుకోవడానికి మా అమ్మ కూడా మాతోనే తిరిగేది.

నాకు ముందు ఆ కంపెనీలో రాణి మామే. ఆడవాళ్ళు రంగస్థలం ఎక్కని రోజుల్లో ఆయన చీర కట్టుకుని పద్యం ఎత్తుకుంటే, ముందు వరసలో కూర్చున్న ఆడవాళ్ళు ఆ నడక చూసి ఇంటికెళ్ళి నేర్చుకునేవాళ్ళట. వయసు పైబడి గొంతు బొంగురుపోయాక, ఆడవేషాలకు ఆడవాళ్ళే కావాలని జనం అడగడం మొదలయ్యాక, ఆయన తెర వెనక్కి వచ్చి అందరి ముఖాలకూ రంగు వేసే పని చేపట్టాడు. వేషం పోయినా చేష్టలు పోలేదు. కూర్చుంటే రెండు మోకాళ్ళూ ఒక పక్కకే ముడుచుకునేవాడు. కొత్త మనిషి ఎదురైతే భుజమ్మీది తువ్వాలును పైటలాగా సర్దుకునేవాడు. నవ్వొస్తే దాని కొస నోటికి అడ్డం పెట్టుకునేవాడు. కుర్రవేషగాళ్ళు వెనకాల చేరి ఆయన్ను అనుకరించి నవ్వుకునేవాళ్ళు. అది ఆయనకు తెలుసు, పట్టించుకునేవాడు కాదు. ఆయన పట్టించుకున్నదల్లా ఒక్కటే, కుంచెలు.

మొత్తం కంపెనీకి ఉన్నవి చేతినిండా పట్టేటన్ని కుంచెలు. ముఖమంతా అడుగున అర్దళం రంగు పూయడానికి ఒక వెడల్పాటిది, బుగ్గలకు గుండ్రటిది, కనుబొమ్మలకూ రెప్పలకూ సన్నవి. మద్రాసులో కొన్న సీమసరుకు. యుద్ధంలో అలాంటివి మళ్ళీ దొరికే దారి లేదు. నాటకం ఆడిన మర్నాడు పొద్దున్నే, మేమింకా నిద్ర కళ్ళతో ఉండగానే, మామ కొట్టాయి వెనక బకెట్టు ముందు కూర్చుని ఉండేవాడు. ముందు కొబ్బరినూనెలో ముంచి రంగు వదలగొట్టేవాడు. తర్వాత గోరువెచ్చటి కుంకుడు రసంలో, అరచేతిలో పసిబిడ్డ తల రుద్దినట్టు మెల్లిగా గుండ్రంగా తిప్పేవాడు. మంచినీళ్ళతో కడిగి తెల్లగుడ్డ మీద అద్ది చూసేవాడు. గుడ్డకు ఏ కాస్త ఎరుపో నలుపో అంటితే మళ్ళీ మొదటికొచ్చేవాడు. చివరికి ఒక్కో కుంచెకూ దారం కట్టి తలకిందులుగా నీడలో వేలాడదీసేవాడు. నిలబెడితే నీళ్ళు కట్టులోకి దిగి వెంట్రుకలు ఊడిపోతాయట.

ఇది పొద్దుటి పని. సాయంత్రం రంగు వేసేటప్పుడు కూడా ఒక ముఖానికీ ఇంకో ముఖానికీ మధ్య కుంచె కడగందే కదిలేవాడు కాదు. అక్కడే మాకు ప్రాణాలు పోయేవి. బయట మొదటి గంట కొట్టేవాళ్ళు. జనం ఈలలు వేసేవాళ్ళు. యజమాని తెర తోసుకుని లోపలికొచ్చి, "ఇంగా ఎంతసేపు మామా?" అని అరిచేవాడు. నేను సగం ముఖంతో పీట మీద కూర్చుని ఉండేదాన్ని. మామ మాత్రం బకెట్టు ముందు వంగి కుంచె తిప్పుతూనే ఉండేవాడు. గంట మోగినప్పుడల్లా ఒకసారి తెర వైపు చూసి మళ్ళీ వంగేవాడు. గంట కొట్టడం ఆయనకు వినపడక కాదు.

"నీ వేషం సూసి ఓర్వలేక చేస్తా ఉండాడు," అనేది మా అమ్మ. "ఆయన కూర్చునే పీట మీద నువ్వొచ్చి కూర్చుంటివి గదా."

నాకూ అలాగే అనిపించింది చాలా రోజులు. ఒకసారి పుత్తూరులో మకాం ఉన్నప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. పొద్దుటిపూట, ఆయన కుంచెలు కడుగుతున్నాడు. "కాస్త గుడ్డతో తుడిస్తే చాలదా మామా? రోజూ నా గుండె ఆగిపోతా ఉండాది," అన్నాను.

ఆయన తలెత్తలేదు. "కుంచె దేన్నీ మరిచిపోదు పాపా. కడిగితేనే మరిచిపోతుంది," అన్నాడు. ఇంకో కుంచె అందుకుని తనే చెప్పాడు. తను రాణిగా ఉన్న కాలంలో రాజు వేషం కట్టిన మనిషి ఒకడుండేవాడు. చెయ్యెత్తు మనిషి, గంటలాంటి గొంతు. అప్పట్లో ఎవరూ కుంచెలు కడిగేవాళ్ళు కాదు. ఎండిపోతే నీళ్ళలో ముంచి మెత్తబరచి మళ్ళీ వాడేవాళ్ళు. ఒకనాటి సాయంత్రం ఆ రాజుకు మామే కళ్ళు దిద్దాడు.

"తెల్లారేటప్పటికి కండ్లు అంటుకొన్న్యాయి. చీము కారింది. ఎవురో పసరు పిండినారు. నెల తిరక్కముందే చూపు పోయింది."

"మీ కుంచె వల్లనేనని ఎవరన్నారు?"

"ఎవురూ అన్లా," అన్నాడు మామ. "ఎవురన్నా అనింటే బాగుండు. అవునో కాదో తెలీకనే నాకీ తిప్పలు."

ఆ మనిషి కార్వేటినగరంలో ఉంటాడని, ఆ ఊరి మీదుగా ఎన్నిసార్లు పోయినా తను ఆ ఇంటి దావ తొక్కలేదని కూడా చెప్పాడు. ఆ తర్వాత మా అమ్మ ఎన్ని అన్నా నేను మామను ఏమీ అనలేదు. కానీ గంట కొట్టినప్పుడల్లా సగం ముఖంతో బకెట్టు వైపు చూడటం మాత్రం మానలేదు.

ఆ ఎండాకాలం మా మకాం కార్వేటినగరానికే మారింది. ఎద్దుబండ్ల మీద తెరలూ పెట్టెలూ వేసుకుని పోతుంటే, పాత కోట గోడలు కనపడగానే మామ ముఖం అవతలికి తిప్పుకున్నాడు. మా అమ్మ ఇచ్చిన పులిహోర చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు. ఊళ్ళో దిగాక అక్కడి సంగతి తెలిసింది. కండ్లకలక ఇంటింటా ఉంది. వీధుల్లో పిల్లలు ఎర్రటి కళ్ళతో, ఈగలు తోలుకుంటూ తిరుగుతున్నారు. పైగా నీళ్ళ కరువు. బావుల్లో అడుగునున్న బురదనీళ్ళ కోసం ఆడవాళ్ళు బారులు తీరి ఉండేవాళ్ళు.

మొదటి నాటకం రోజు సాయంత్రం కొట్టాయి నిండిపోయింది. చుట్టుపక్కల పల్లెల నుంచి బండ్లు కట్టుకుని వచ్చారు. నీళ్ళు తెచ్చే మనిషి రాలేదు. మామ బకెట్టులో అడుగున మురికినీళ్ళు మాత్రమే మిగిలాయి. రాజు వేషగాడికి కళ్ళు దిద్దడం అప్పుడే అయింది. నా వంతు వచ్చింది.

"నీళ్ళు రానీ," అన్నాడు మామ.

"నీళ్ళు రావు. జనం తడికెలు పీకేస్తా ఉండారు. తుడిచి పెట్టు మామా, ఈ ఒక్క దినానికి!" యజమాని గొంతు పగిలిపోయేలా అరిచాడు. నేను కూడా మామ వైపు చూశాను. నా చూపు కూడా అదే అడిగి ఉంటుంది.

మామ సన్నకుంచెను గుడ్డతో తుడిచాడు. తుడిచి తుడిచి చూశాడు. తర్వాత నా గడ్డం పైకెత్తి ఎడమకంటి రెప్పకు గీత గీశాడు. కుడికంటికి కుంచె తెస్తూ తెస్తూ ఆగిపోయాడు. ఆయన చూపు నా భుజం మీదుగా వెనక్కి పోయింది. అక్కడ రాజు వేషగాడు పెట్రోమాక్సు దీపం పక్కన నిలబడి, చేతిగుడ్డతో కంటికొలుకులు ఒత్తుకుంటున్నాడు.

మామ లేచి వెళ్ళి అతని ముఖాన్ని దీపానికి తిప్పాడు. రంగు కింద రెప్ప వాచి ఉంది. లోపల నెత్తురు జీరలు.

"ఎప్పటినించి?"

"పొద్దున్నించి," అన్నాడు అతను నేల చూస్తూ. "చెప్తే వేషం ఇంగొకరికి ఇచ్చేస్తారని..."

మామ నా దగ్గరికి పరుగెత్తుకొచ్చి మా అమ్మ తాగడానికి దాచుకున్న చెంబు నీళ్ళు లాక్కుని నా ఎడమకన్ను కడిగాడు. మళ్ళీ మళ్ళీ కడిగాడు. రంగు, నూనె, నీళ్ళు కలిసి నా రవిక మీదికి కారాయి. తర్వాత కుంచెలన్నీ పోగేసి, బకెట్టులో మిగిలిన మురికినీళ్ళను కాఫీ కాచే పొయ్యి మీద మరగబెట్టి అందులో పడేశాడు.

"మామా, అవి చెడిపోతాయి! మళ్ళీ యాడ దొరుకుతాయి?" యజమాని తల పట్టుకున్నాడు.

చెడిపోయాయి. మరుగుతున్న నీళ్ళలో బంక కరిగి వెంట్రుకలు విడిపోయి పైకి తేలాయి. ఎన్నో ఏళ్ళు పసిబిడ్డల్లాగా సాకిన కుంచెలు అలా తేలుతుంటే మామ పొయ్యి దగ్గర్నించి కదలకుండా చూశాడు. చివరికి వేపపుల్లలకు దూది చుట్టి, మనిషికొకటి వాడి పారేస్తూ మిగిలిన ముఖాలకు రంగు వేశాడు. రాజు వేషం యజమానే కట్టుకున్నాడు. పద్యాలు సగం మరిచిపోయాడు. జనం కేకలు వేశారు గానీ లేచిపోలేదు.

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో చెప్పలేను. అద్దంలో ఎడమకన్ను చూసుకోవడమే నా పని. కాస్త దురద పుడితే మళ్ళీ అద్దం దగ్గరికి పరుగెత్తేదాన్ని. దుమ్ము పడిందా, అదేనా? బిడ్డ పాలకు ఏడుస్తుంటే ఎత్తుకోవడానికి చేతులు రాలేదు. మా అమ్మ నా చేతులు కుంకుడు రసంతో కడిగించి, బిడ్డను రొమ్ముకు పట్టి, తాగగానే తీసుకెళ్ళిపోయేది. దాని ముఖం దగ్గరగా చూడడానికి వీల్లేదు. బిడ్డ ఆ వయసులో చూపు పోగొట్టుకుంటే? ఆ ఊళ్ళోనే అలాంటి పిల్లలు కనిపించారు నాకు. మామ పొద్దున్నే మేమున్న ఇంటి గడప బయట నిలబడేవాడు. లోపలికి రమ్మన్నా రాడు.

"కన్ను ఎట్లుండాది పాపా?"

"బాగానే ఉంది మామా."

"బిడ్డను మొగానికి ఆనించుకోలేదు గదా?"

"లేదు మామా."

ఒకనాడు లేచేసరికి ఎడమకన్ను తెరుచుకోలేదు. రెప్పలు అంటుకుపోయి ఉన్నాయి. కుడికన్ను మాత్రం ఎప్పటిలాగే ఉంది. కుంచె తగిలిన కన్ను అంటుకుంది, తగలని కన్ను మిగిలింది. మామ గడప దగ్గర్నించి చూశాడు. తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే మట్టిలో కూర్చుండిపోయాడు.

మా ఆయన బండి కట్టించి పుత్తూరు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు చుక్కల మందు ఇచ్చి, గుడ్డలూ దిండ్లూ విడిగా పెట్టమన్నాడు. ఆ తర్వాత మామ మా పెరట్లోనే మకాం పెట్టాడు. నీళ్ళు ఎక్కణ్ణించి మోసుకొచ్చేవాడో గానీ పొయ్యి ఆరనివ్వలేదు. నా గుడ్డలు ఉడకబెట్టడం, బిడ్డ గుడ్డలు వేరే ఉడకబెట్టడం, మా అమ్మ చేతుల మీద వేడినీళ్ళు పోయడం ఆయన పని. ఆయన్ను తిట్టిన నోటితోనే మా అమ్మ, "నువ్వు కాస్త గంజి తాగు, సామీ," అని బతిమాలేది. నా కుడికన్ను కాపాడుకున్నాను. బిడ్డ కళ్ళు చల్లగా ఉన్నాయి. కొన్నాళ్ళకు నా ఎడమకన్ను ఎరుపు తగ్గి, చూపు తేటపడింది. రాజు వేషగాడికి నయం కావడానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది.

నాకు నయమైందని అందరూ సంతోషిస్తుంటే మామ మాత్రం ఎండిపోతూ వచ్చాడు. ఒకరోజు పొద్దున్నే వచ్చి, "పాపా, ఒక చోటికి పోవాల. నువ్వు కూడా రా. ఒక్కణ్ణే పోలేను," అన్నాడు. ఎక్కడికని నేను అడగలేదు. ఇన్నాళ్ళూ అవునో కాదో తెలియదన్న ఒక్క సందు ఆయనకు మిగిలింది. నా కన్నుతో ఆ సందు కూడా మూసుకుపోయింది.

కోట వెనక వీధిలో చిన్న పెంకుటిల్లు. పంచలో నులకమంచం మీద ఒక పొడుగాటి మనిషి కూర్చుని, చేత్తో తడుముకుంటూ చిక్కుడుకాయలు వలుస్తున్నాడు. కళ్ళ మీద తెల్లటి పొర. మామ వాకిట్లోనే నిలబడిపోయాడు. ఆయన తువ్వాలు సర్దుకున్న చప్పుడుకో, అడుగుల చప్పుడుకో తెలియదు, ఆ మనిషి తల తిప్పాడు.

"ఎవురది? రాణీనా?" అన్నాడు. ఆ వయసులో కూడా గంటలాంటి గొంతే.

మామ వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఏడుస్తూనే చెప్పాడంతా. తను కుంచె కడగకపోవడం, ఆ కుంచెతోనే ఆయన కళ్ళు దిద్దడం, మొన్న నా కంటికి జరిగింది. "నీ కండ్లు నేనే తీసినానప్పా," అన్నాడు.

ఆ మనిషి వలిచిన గింజలు పక్కన పెట్టాడు.

"ఆ పాప కన్ను నీ కుంచె వల్లనే అంటుకొనుంటుంది. కాదనను," అన్నాడు. "నా కండ్లు మాత్రం నువ్వు రంగెయ్యకముందే ఎర్రగుండినాయి. పొద్దన్నించి మంట. నేను రెప్పలార్పతా ఉంటే నువ్వు అడిగినావు గూడా, ఏమైందని. ఏం లేదన్న్యాను. చెప్తే వేషం పోతుందని భయం. దీపం గుడ్డిది, నీకు కనపడలే."

మామ తలెత్తి చూశాడు. ఏడుపు ఆగిపోయింది. ఆ ముఖంలో ముందు వచ్చింది సంతోషం కాదు, కోపం.

"మరి ఇన్నేండ్లూ నాకేంటికి చెప్పలేదు?"

"నువ్వొస్తే గదప్పా చెప్పేది," అన్నాడు ఆయన. "కంపెనీ ఈ ఊరికి వచ్చినప్పుడంతా అనుకుంటా, ఈసారన్నా వస్తాడని. అందరూ వస్తారు. నువ్వు మాత్రం రావు. గుడ్డోణ్ణి సూసేదానికి మనసొప్పలేదేమో అనుకొన్న్యా."

మామ ఆ మోకాళ్ళ మీద తల పెట్టేశాడు. ఆయన చెయ్యి తడుముకుంటూ వచ్చి మామ నెత్తి మీద ఆగింది. వాళ్ళిద్దరూ అలా ఎంతసేపు ఉన్నారో. నేను వాకిట్లోకి వచ్చి నిలబడ్డాను. తిరిగి వచ్చేటప్పుడు మామ ఒకచోట ఆగి, గోడకు చెయ్యి ఆనించి, కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వో ఏడుపో నాకు సరిగ్గా తెలియలేదు.

ఇంక మామకు ఆ పట్టు సడలుతుందని, గంట కొట్టే వేళకు మా గుండెలు కూడా కాస్త నెమ్మదిస్తాయని అనుకున్నాను. మర్నాటి సాయంత్రం నేను మళ్ళీ రంగు వేసుకోవడానికి పీట మీద కూర్చున్నాను. సీమకుంచెల బదులు మేకవెంట్రుకలు వెదురుపుల్లలకు కట్టి మామే చేసుకున్న మోటుకుంచెలు. నీళ్ళు రెండు బకెట్ల నిండా ఉన్నాయి. ఆయన వాటిని ఎప్పటిలాగే కడిగి, తెల్లగుడ్డ మీద అద్ది చూశాడు. మొదటి గంట కొట్టారు. నేను గడ్డం పైకెత్తాను.

మామ కుంచె తీసుకోలేదు. దీపం తీసుకున్నాడు. నా ముఖానికి దగ్గరగా పెట్టి, బొటనవేలితో నా కింది రెప్పను లాగి ఒక కన్ను చూశాడు, రెండో కన్ను చూశాడు.

"ఏమన్నా ఉంటే చెప్పు పాపా. దాచొద్దు."

"ఏం లేదు మామా."

"ఆయన గూడా ఏం లేదనే అన్న్యాడు," అని, దీపం వత్తి పెంచి మళ్ళీ మొదటి కన్ను దగ్గరికి తెచ్చాడు.